ఎడమ కొక్కెం దీపం

సెప్టెంబర్ 8

గెన్‌జో బావ నా మిఠాయి అచ్చు పట్టుకుపోయి ముప్పై ఒక్క ఏళ్ళు. మూడు రోజుల్లో తిరిగిస్తానన్నాడు.

నేను చదివింది నాలుగో తరగతే. అయినా మూడు దాకా లెక్కపెట్టడం వచ్చు.

ఆ రోజు చక్కెర బస్తా కోసం టౌనుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అల్మరాలో అచ్చు పెట్టే చోట దుమ్ము పట్టని చెక్క ముక్కంత ఖాళీ కనిపించింది. నా భార్య షిజుయే పొయ్యి దగ్గర తీపి ముద్దకి ఎర్ర గింజలు కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే, "బావగారు వచ్చి పట్టుకెళ్ళారు. మూడు రోజుల్లో ఇచ్చేస్తారట" అంది. నాలుగో రోజు నేనే రైలెక్కి వెళ్ళాను. బావ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇవ్వను" అన్నాడు. ఎందుకని అడిగితే తలుపు వేశాడు. మా అక్కని చేసుకున్నవాడు నా మొహం మీద తలుపు వేశాడు.

తర్వాత అక్క పోయినప్పుడు వెళ్ళాను. చివర కూర్చున్నాను. అగరుబత్తి వెలిగించి వచ్చేశాను. బావ వైపు చూడలేదు.

ఎందుకు పట్టుకుపోయాడో ఇప్పటికీ చెప్పలేదు. అసూయ, ఇంకేముంది. ఆ అచ్చు మా తమ్ముడు ఇవావో చెక్కినది. గనిలో పట్టుకునే దీపం బొమ్మ. అలాంటిది ఈ చికుహో బొగ్గు సీమ మొత్తం మీద ఇంకొకటి లేదు.

సెప్టెంబర్ 9

రోజూ ఏదో ఒకటి రాయమని డాక్టరు చెప్పాడు. రాస్తే మతి పోదట. నా మతికేం కాలేదన్నాను. అయినా రాయండి అన్నాడు. బొమ్మల్లాంటి పెద్ద అక్షరాలు నాకు రావు. బళ్ళో మొదట నేర్పే చిన్నవాటితోనే రాస్తాను. చదివేవాళ్ళెవరూ లేరు కాబట్టి తప్పులు నావి, దిద్దుబాటు నాది.

సెప్టెంబర్ 10

గుళ్ళో చిన్న గురువు వచ్చాడు. వాళ్ళ నాన్న పోయాక ఇతనే చూస్తున్నాడు. మర్యాద తెలిసిన మనిషి. మాట మాత్రం నీళ్ళు కలిపినట్టుంటుంది.

"తాతగారూ, అక్టోబర్ ఇరవై మూడు యాభైయ్యో తద్దినం, పోయిన ఏడాదిని కూడా కలిపి లెక్కేస్తే. గనిలో పోయిన ముప్పై ఎనిమిది మందికీ కలిపే చేస్తున్నాం."

"తెలుసు."

"ఇదే ఆఖరుది. దీని తర్వాత పేర్లు విడివిడిగా చదవం. పెద్దలందరిలో కలిసిపోతారు."

"అదీ తెలుసు."

"సన్నిధిలో పెట్టడానికి చామంతిపువ్వు అచ్చు చక్కెర బిళ్ళలు ఫుకుఒకా నగరం నుంచి పెట్టెల్లో తెప్పిస్తాం. ఈ వయసులో మీకెందుకు శ్రమ."

"నేను పోయాక తెప్పించుకోండి. ఇప్పుడు నేనున్నాను."

"ఏం చేస్తారు మరి?"

"దీపాలు" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

ఆయన సంతోషంగా తలూపి వెళ్ళిపోయాడు. అచ్చు లేదని ఆయనకు తెలియదు. ఇప్పుడు ఇరవై మూడుకల్లా అది నా చేతిలో ఉండాలి. ఇవావో పేరు ఆఖరిసారి చదివే రోజున వాడు చెక్కిన దీపం కాకుండా ఫుకుఒకా చామంతిపువ్వు పెడతానా.

సెప్టెంబర్ 13

వాన. కొట్టుకి ఎవరూ రాలేదు.

సెప్టెంబర్ 15

ఇవాళా ఎవరూ రాలేదు. చేసిన బన్నులు నేనే తిన్నాను. మధ్యాహ్నం అన్నం, ఉప్పు చేప, మిసో చారు. చారు విడిగా తాగాను. అన్నంలో పోసుకోను. గనికి వెళ్ళే ఇంట్లో ఎవరూ పోసుకోరు, పోసుకుంటే గని పైకప్పు కూలుతుందంటారు. గని మూతపడి ఎన్నేళ్ళయినా చెయ్యి రాదు.

ఈ కొట్టు షిజుయే వాళ్ళ నాన్నది. నేను ఇల్లరికం వచ్చాను. పగలు గని, షిఫ్టు లేనప్పుడు పిండి. మా మావ మాటలతో నేర్పేవాడు కాదు. తప్పు చేస్తే చెక్క గరిటెతో మణికట్టు మీద ఒక్కటి వేసేవాడు. ఎక్కడ తప్పానో నేనే వెతుక్కోవాలి. గింజల ముద్ద దించే ముందు వేసే చిటికెడు ఉప్పు నాకు పట్టుబడడానికి రెండేళ్ళు పట్టింది.

అప్పట్లో సాయంత్రం షిఫ్టు దిగిన మగాళ్ళు స్నానం కూడా చేయకుండా వచ్చేవాళ్ళు. మొహాలు నలుపు, పళ్ళు తెలుపు. బల్ల మీద వేళ్ళ గుర్తులు పడేవి. పది గంటలు చీకట్లో వంగి పనిచేసినవాడికి సన్నపాటి తీపి ఆనదు. మా తీపి టౌనులో వాళ్ళకి ఎక్కువ. గనోళ్ళకి సరిపోయేది. ఇవావో ఒక్కడే అయిదు బన్నులు తినేవాడు. ఆరోది జేబులో వేసుకునేవాడు, నేను చూడలేదనుకుని.

అచ్చు చెక్కింది ఆ రోజుల్లోనే. అడవి చెర్రీ దుంగ ఎక్కడినుంచో తెచ్చి నెల రోజులు ఉలితో కూర్చున్నాడు. మొదటి బిళ్ళ తీసి చూస్తే కంపెనీ దీపానికి కుడివైపు వంగే కొక్కెం ఎడమవైపు వంగింది. అచ్చులో కుడి ఎడమవుతుందని వాడికి తట్టలేదు. మావ పడీ పడీ నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఎడమచేతివాటం వాళ్ళ దీపంరా ఇది, మా అమ్మాయి కోసం చెక్కావా" అన్నాడు. షిజుయేది ఎడమచేతివాటం.

సెప్టెంబర్ 20

విషువత్తు వారం, పోయినవాళ్ళకి పెట్టుకునే రోజులు. ఓహగి చేశాను. బంక అన్నం ఉండకి తీపి గింజల ముద్ద పట్టించడమే, కానీ అరచెయ్యి వేడి తగిలితే మెరుపు పోతుంది. షిజుయే ఫోటో దగ్గర రెండు, ఇవావో దగ్గర అయిదు.

డబ్బాలో ఇంకో ఆరు సర్దాను. ఎవరికని సర్దానో తెలియదు.

తెలుసు. రేపు వెళ్తాను. బతిమాలడానికి కాదు. నాది నేను అడగడానికి.

సెప్టెంబర్ 21

వెళ్ళాను. రెండు స్టేషన్లే. ముప్పై ఒక్క ఏళ్ళు దూరమనుకున్నది పద్నాలుగు నిమిషాలు.

మేనకోడలు మిత్సుయో తలుపు తీసింది. జుట్టు నెరిసింది దానికి కూడా. "మావయ్యా" అని అలాగే నిలబడింది. లోపలికి రమ్మనడం మర్చిపోయింది. నేనే చెప్పులు విడిచి వెళ్ళాను.

బావ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ముక్కులో గొట్టం, పక్కన బుసలు కొట్టే పెట్టె. ఎనభై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు గని కప్పుకి పెట్టే దన్ను దుంగలు రెండు ఒకేసారి భుజానికెత్తిన మనిషి.

"ఎవరే?" అన్నాడు.

"నేను."

"నేనంటే ఎవడు?"

"నీ బావమరిదిని."

"వాడు పోయాడనుకున్నానే."

"నిన్ను సాగనంపాక పోదామని ఆగాను."

బావ నవ్వబోయి దగ్గాడు. ఆగని దగ్గు. అది తగ్గేదాకా నేను గోడ మీది కేలండర్ చూశాను.

డబ్బా తెరిచి ముందు పెట్టాను. ఒకటి తీసి నెమ్మదిగా నమిలాడు.

"చక్కెర తగ్గించావ్."

"ఊళ్ళో ముసలాళ్ళందరికీ షుగరే. తగ్గించమని ప్రాణం తీస్తున్నారు."

"ఇది గనోళ్ళ తీపి కాదురా. మీ మావ చూస్తే మణికట్టు విరగ్గొట్టేవాడు."

"మా మావ ఉంటే నీకు పెట్టనిచ్చేవాడే కాదు."

"ఉప్పు మాత్రం కుదిరింది" అని రెండోది తీసుకున్నాడు.

నేను ఆగలేదు. "అచ్చు ఇవ్వు బావా."

"ఇవ్వను."

"వచ్చే నెల యాభైయ్యోది. ఇవావో నీకూ బావమరిదే."

"అది నువ్వు చెప్పాలా."

"దీపాలు చేయాలి."

"ఎన్ని?"

"ముప్పై ఎనిమిది. మనిషికొకటి."

"ముప్పై ఎనిమిదేనా?"

"ఎన్ని చేయాలో నువ్వు నాకు చెప్పకు."

"ముప్పై తొమ్మిదోది చేసి గుట్టెక్కవు కదా?"

నేను లేచి నిలబడ్డాను. "దొంగతనం చేసినవాడు నన్ను నిలదీస్తాడా" అన్నాను. మిత్సుయో టీ పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒరేయ్ తొమే" అన్నాడు బావ. కోపం లేదు ఆ గొంతులో, అదే నాకు ఎక్కువ మండింది. "దొంగనే అనుకో. ఇన్నేళ్ళూ అనుకున్నావు, ఇంకో నాలుగు రోజులు అనుకో. నాకేం బరువు కాదు."

వచ్చేశాను. మిత్సుయో వీధిలోకి పరుగెత్తుకొచ్చి నా డబ్బా చేతిలో పెట్టింది. ఖాళీ డబ్బా ఇవ్వకూడదని నాలుగు పెర్సిమన్ పళ్ళు వేసింది.

పళ్ళు బాగున్నాయి.

సెప్టెంబర్ 22

ఇక ఆ గడప తొక్కను.

సెప్టెంబర్ 24

చిన్న గురువు ఫోన్ చేశాడు. దీపాల సంగతి ఊరంతా చెప్పాడట. పోయినవాళ్ళ పిల్లలు ఒసాకా నుంచి కూడా వస్తున్నారట. మంచిది అన్నాను.

టౌనులో అచ్చులు చెక్కేవాడు ఒకడుండేవాడు. వెళ్ళి చూశాను. అక్కడ ఇప్పుడు కారు షెడ్డు ఉంది.

సెప్టెంబర్ 27

మధ్యాహ్నం గుట్ట వైపు చూస్తూ కూర్చున్నాను. బొగ్గు రాళ్ళు పోసిన గుట్ట. ఇప్పుడు దాని మీద చెట్లు మొలిచాయి. తెలియనివాళ్ళు కొండ అనుకుంటారు. దాని వెనకే గని నోరు. కాంక్రీటు పోసి మూసేశారు.

చనిపోయినవాణ్ణి పైకి తెచ్చేటప్పుడు దారిలో ప్రతి మలుపు దగ్గరా వాడికి చెప్పాలి. ఎవరు పడితే వాళ్ళు చెప్పకూడదు, వాడివాళ్ళే చెప్పాలి. దీపం పట్టుకుని ముందు నడుస్తూ పేరు పెట్టి పిలవాలి. లేకపోతే ఒళ్ళు పైకొస్తుంది, మనిషి ఆ మలుపులోనే నిలబడిపోతాడు, ఎటు వెళ్ళాలో తెలియక. ఇది గనిలో పుట్టినవాళ్ళకి అమ్మ పాలంత పాత సంగతి.

పేలుడు జరిగిన మూడో రోజు మాకు ఇవావో దొరికాడు. ఇరవై నాలుగేళ్ళు. నలుగురు బల్ల మోశారు. ముందు కుడి కొమ్ము గెన్‌జో బావది, నా వీపు వెనకే. నేను పిలిచాను.

ఇవావో, నాలుగో మలుపు. ఎక్కుతున్నాం. వెంట రా.

ఇవావో, రెండో మలుపు. ఎక్కుతున్నాం. వెంట రా.

ఇవావో, మొదటి మలుపు. ఇంక కొంచెమే. వెంట రా.

పైకి వచ్చేశాం. అమ్మ గని నోటి దగ్గరే ఉంది.

అన్నీ సరిగ్గా చేశాను.

అక్టోబర్ 1

ముప్పై తొమ్మిదోది చేసి గుట్టెక్కవు కదా అన్నాడు. ఆ మాట నాలుగు రోజులుగా చెవిలో ఉంది. కాదు, పది రోజులుగా.

కాంక్రీటు పోసిన ఏడాది చలికాలం నాకు కాస్త ఒంట్లో బాగోలేదు. అంతే. జలుబు. కొన్ని దీపం బిళ్ళలు చేసి అక్కడ పెట్టి వచ్చేవాణ్ణి. పెట్టినవి చీమలు తినేసేవి, మర్నాడు మళ్ళీ చేసేవాణ్ణి. దానికి ఊరంతా ఏదో మాట్లాడుకున్నారు. తీపి చేసేవాడు తీపి చేస్తే తప్పేంటి.

ఆ చలికాలమే బావ అచ్చు పట్టుకుపోయాడు. జాలి లేని మనిషి. ఒంట్లో బాగోలేనివాడి దగ్గర.

అక్టోబర్ 4

మిత్సుయో వచ్చింది. చెప్పకుండా వచ్చింది. కొట్టులో బల్ల ముందు కూర్చుని చేతిసంచిలోంచి ఒక మూట తీసి పెట్టింది.

"నాన్న పంపాడు, మావయ్యా. ముప్పై ఎనిమిదే అని మరీ మరీ చెప్పమన్నాడు."

నేను మూట ముట్టుకోలేదు. నీలం గుడ్డ, మీద తెల్ల పిట్టలు. ఆ గుడ్డ నేను ఎరుగుదును. ముడి ఎడమచేతివాటం ముడి. కుడిచేతివాళ్ళు వేస్తే కొసలు అటు తిరుగుతాయి, ఇవి ఇటు తిరిగి ఉన్నాయి. నా భోజనం డబ్బాకి పాతికేళ్ళు ఆ ముడే వేశారు.

"ఇది ఎవరు కట్టారు?" అని అడిగాను. అడగక్కర్లేదు.

మిత్సుయో టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని దానిలోకే చూస్తూ చెప్పింది. "ఆ రోజు నాన్న మీ ఇంటికి రాలేదు మావయ్యా. అత్తయ్యే మా ఇంటికి తెచ్చింది. నేను అక్కడే ఉన్నాను. తడిసిపోయి వచ్చింది. మీరు రోజూ ఆ కాంక్రీటు ముందు వానలో కూర్చుంటున్నారని, అన్నం తినడం లేదని, కింద చీకటిగా ఉంది అంటున్నారని ఏడ్చింది. అచ్చు లేకపోతే ఆగుతారేమో అంది."

"నాకు జలుబు చేసింది అప్పుడు."

"అవును మావయ్యా."

"మరి బావ తీసుకున్నాడని ఎందుకు చెప్పింది?"

"నాన్న కూడా అదే అడిగాడు. నిజం చెప్పెయ్యమ్మా, నామీద వేసుకోవడం ఎందుకు అన్నాడు. అత్తయ్య ఏమందంటే, ఆయన ఇల్లరికం వచ్చిన మనిషి అన్నయ్యా, నామీద కోపం వస్తే వెళ్ళడానికి వేరే ఇల్లు లేదు, మీమీద కోపమైతే ఇంటికొచ్చి నాతో చెప్పుకుంటారు అంది. అప్పుడు నాన్న, సరే నన్నే తిట్టుకోనీ అన్నాడు."

షిజుయేతో చెప్పుకున్నాను. నిజమే. ఇరవై ఎనిమిదేళ్ళు, అది పోయేదాకా, ప్రతి చలికాలం బావని తిట్టుకుంటూ దానితో చెప్పుకున్నాను. అది గింజలు కలుపుతూ, ఊఁ, ఊఁ అనేది.

"ఒక్కసారైనా వాడాడా మీ నాన్న? ఒక్క బిళ్ళైనా చేశాడా?"

"ముడి చూశారుగా" అంది మిత్సుయో.

వెళ్ళేటప్పుడు బన్నులు కట్టిచ్చాను. చక్కెర పూర్తిగా వేసినవి.

అక్టోబర్ 5

విప్పలేదు.

అక్టోబర్ 6

విప్పలేదు. మూట షిజుయే ఫోటో ముందు పెట్టి నిలదీద్దామనుకున్నాను. ఫోటోలో మొహం మామూలుగానే ఉంది. ఇన్నేళ్ళు దాచినదానివి, ఇంకో మూడేళ్ళు బతికి చెప్పి పోవచ్చుగా అన్నాను. మా ఇంట్లో కొట్లాటలు ఎప్పుడూ ఇంతే, నేను ఒక్కణ్ణే మాట్లాడతాను.

అక్టోబర్ 7

విప్పితే మళ్ళీ అలా కట్టేవాళ్ళు లేరు.

అక్టోబర్ 9

విప్పాను. వేళ్ళతో రాలేదు, పంటితో లాగాను.

చెర్రీ చెక్క నల్లబడింది. పగలలేదు. పత్తిగింజల నూనె వాసన కొంచెం ఉంది, షిజుయే రాసి కట్టినట్టుంది. నన్ను మోసం చేయడానికి వెళ్తూ కూడా చెక్క ఎండిపోకూడదని నూనె రాసింది.

అక్టోబర్ 11

పొద్దున్నే కొట్టు తలుపు మూసే ఉంచి చేశాను. వేయించిన బియ్యప్పిండి, చక్కెర, చెమ్మ తగిలీ తగలనట్టు. పిడికిట పట్టి వదిలితే వేళ్ళ గుర్తులు నిలబడాలి, తడితే విడిపోవాలి. మొదటి నాలుగూ విరిగాయి. అయిదోది నిలబడింది.

కొక్కెం ఎడమవైపు.

దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. వెలుగులో పెట్టి చూశాను. గాజు మీద ఉలి జారిన గీత కూడా అలాగే ఉంది. ఆ రోజు వేలు కోసుకుని, గనిలో తగిలిన దెబ్బ అని అమ్మతో అబద్ధం చెప్పాడు.

ఇక రాసేస్తాను. చదివేవాళ్ళెవరూ లేరు.

మూడో మలుపు దగ్గర పైకప్పు కూలి ఉంది. మనిషి పాకేంత సందు. గాలి చెడిందని అందరం తడిగుడ్డలు నోట్లో కుక్కుకున్నాం. నేను ముందు దూరాను, బల్లని ఇటు లాగాం. ఆ తర్వాత నాకు గుర్తున్నది రెండో మలుపే. నడుమ ఏమీ లేదు. గుడ్డ తీసి పిలిచానా, గుడ్డతోనే వచ్చేశానా. నలభై తొమ్మిదేళ్ళుగా ఆ సందులోంచి పాకుతూనే ఉన్నాను, ప్రతిసారీ గుడ్డ దగ్గరే ఆగిపోతుంది.

కాంక్రీటు పోసినప్పుడు నాకు జలుబు చేయలేదు. వాడు మూడో మలుపులో ఉన్నాడనీ, పైన మూత వేస్తున్నారనీ అనిపించింది. చేతిలో దీపం కూడా లేదు.

అడగొచ్చు కదా. బల్ల మోసినవాళ్ళలో ముగ్గురు పోయారు. బావ ఒక్కడే మిగిలాడు, నా వీపు వెనకే ఉన్నవాడు. అడగొచ్చు. అచ్చు దొంగతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి అడగలేదు. అచ్చు దొంగ ఉండడం నాకు మంచిదే అయింది. షిజుయేకి అది కూడా తెలుసేమో.

అక్టోబర్ 12

అన్నం, చారు. విడిగా.

అక్టోబర్ 13

బావ ఇంటికి వెళ్దామని స్టేషన్ దాకా వెళ్ళాను. రైలు వచ్చింది, వెళ్ళింది. ఎదురుగా కూర్చుంటే బావ నా మొహం చూసి చెప్తాడు. నా మొహానికి ఏది కావాలో అది చెప్తాడు. ముప్పై ఏళ్ళు దొంగ పేరు మోసినవాడికి ఒక అబద్ధం ఎంత.

ఉత్తరం రాస్తాను.

అక్టోబర్ 15

ముందు ఇక్కడ రాసి, తర్వాత మంచి కాగితం మీద ఎక్కిస్తాను.

గెన్‌జో బావకి,

అచ్చు చేరింది. ముడితో సహా చేరింది. గుమ్మంలో నిలబడి నాచేత ఎందుకు తిట్టించుకున్నావో తెలిసింది. దాని గురించి మాట్లాడను. మాట్లాడడం నాకు చేతకాదని నీకు తెలుసు. దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కసారే రాస్తాను, మళ్ళీ మళ్ళీ అడక్కు.

ముప్పై ఎనిమిది దీపాలు అయ్యాయి. తడి ఆరుతున్నాయి. నీకు పంపేవి వేరే, బన్నులు, చక్కెర తగ్గించలేదు. డాక్టరుకి చూపించకు.

ఇప్పుడు నేను అడిగేది విను. ఇవావోని పైకి తెచ్చినప్పుడు నువ్వు నా వెనకే ఉన్నావు. మూడో మలుపు, కప్పు కూలిన చోటు. సందు దాటాక నేను నోట్లో గుడ్డ తీసి వాణ్ణి పిలిచానా, లేదా. నాకు గుర్తు లేదు. ఎప్పుడూ లేదు.

నువ్వు తప్ప చెప్పేవాడు ఈ లోకంలో లేడు. నన్ను చూసి జాలిపడి, పిలిచావు అని రాయకు. నామీద జాలితో షిజుయే చేసింది చాలు, నువ్వు చేసిందీ చాలు. నీకు కూడా గుర్తు లేకపోతే గుర్తు లేదని రాయి. నీకు చెయ్యి వణికితే మిత్సుయోతో ఫోన్ చేయించు. ఒక్క మాట.

ఇరవై మూడు పదకొండు గంటలకి గురువు వాడి పేరు చదువుతాడు. ఆ తర్వాత వాడు పెద్దలందరిలో కలిసిపోవాలి. కింద నిలబడి ఉన్నవాడు ఎలా కలుస్తాడు. నేను పిలవలేదని నువ్వు చెప్తే ఆ పొద్దున్నే గుట్ట వెనక్కి వెళ్తాను. మిత్సుయోని కూడా రమ్మను, కాలు జారకుండా చెయ్యి పట్టుకుంటుంది. ఈసారి అక్కడ కూర్చోను. ముప్పై తొమ్మిదో దీపం కాంక్రీటు మీద పెట్టి మూడో మలుపు దగ్గర నుంచి పిలుస్తాను, రెండో మలుపు, మొదటి మలుపు, ఇంక కొంచెమే అని. గొంతు ఇంకా ఉంది. కొట్టు మూసే ఉంచి నిన్న అరిచి చూసుకున్నాను, అల్మరా అద్దం మోగింది.

పిలిచానని చెప్తే ముప్పై తొమ్మిదోది నువ్వే తిను.

ఇరవై రెండో తేదీ సాయంత్రం అయిదు లోపల నాకు జవాబు కావాలి. ఆ తర్వాత వచ్చినా పనికిరాదు. మూడు రోజుల్లో ఇస్తానని ముప్పై ఏళ్ళు చేయకు, ఆ మాట నువ్వు అనలేదని ఇప్పుడు తెలిసినా సరే.

పిలిచానా, లేదా.

తొమెకిచి